వేడికి చలింపని తీగ

మన పెద్దలు అంగడికి పోయినప్పుడు ధాన్యమును చూచుటకు ముందు కుంచమును తిరుగవేసి చూచెడివారు. అడుగున సొట్ట పడినదా, అంచు అరిగినదా యని విచారించిన పిమ్మటనే బేరమునకు దిగెడివారు. సరకు మంచిదైనను కొలత చెడ్డదైనచో నష్టము తప్పదని వారెఱుగుదురు. కుంచమును నమ్మి ధాన్యమును కొలుతుము. ఆ కుంచమును దేనిని నమ్మి కొలుతుము? ఈ ప్రశ్న పురాతనమైనదే కాని, విద్యుచ్ఛక్తి మానవుల పనులలో ప్రవేశించిన నాటినుండి దీనికొక క్రొత్త చిక్కు వచ్చినది. విద్యుత్ప్రవాహమునకు అడ్డుపడు గుణమును కొలుచుటకు మనకు దొరకిన కుంచము ఒక లోహపు తీగ. ఆ తీగ ఎండకు ఒక విధముగను, చలికి వేఱొక విధముగను ఉండును. ఉదయమున సరిగానున్న కుంచము మధ్యాహ్నమునకు పెరిగిపోయినచో దానితో వ్యవహార మెట్లు సాగును?

ఈ చిక్కును విప్పుటకై సుమారు రెండు శతాబ్దములు పలుదేశములవారు పాటుపడిరి. వారిలో బడిలో పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయుడు కలడు. విశ్వవిద్యాలయమువారు పట్టమీయ నిరాకరించిన స్త్రీజాతికి చెందిన విదుషి కలదు. ఇల్లు విడిచి పరదేశము చేరి స్వయముగా పైకివచ్చిన యువకుడు కలడు. భూమిలోని గోతిలో దాగి ప్రాణము నిలుపుకొన్న బాలుడు కలడు. వారి కథను చదువరులకు దెలుపుటయు, ఆ పని నేడు సామాన్యుల యిండ్లలో సైత మెట్లు సాగునో సూచించుటయు ఈ వ్యాసమున కుద్దేశములు.

ముందుగా నిరోధమనగా నేమో చెప్పుకొందము. కాలువలో నీరు పాఱునప్పుడు కాలువ యెంత సన్ననిదైన, ఎంత పొడవైనదైన, నీటి కంత అడ్డు కలుగును. తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడును అట్లే. ఆ అడ్డునకే నిరోధమని పేరు. దానిని కొలుచు ప్రమాణమునకు ఓమని పేరు. నీటికాలువకు లేని గుణ మొకటి తీగకు కలదు. తీగ వేడెక్కినకొలది దానిలోని అణువులు అధికముగా కంపించి విద్యుత్కణముల దారికి మఱింత అడ్డు వచ్చును. అందుచే శుద్ధలోహముల నిరోధము వేడితోపాటు పెరుగును. వేడిమిచే లోహముల విద్యుద్వాహకత్వము తఱుగునని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ పండితుడు 1821 లోనే గుర్తించెను. రష్యాలో ఎమిల్ లెంజ్ అను నాతడు 1833 ప్రాంతమున పలులోహములను వేడిచేసి ఈ పెరుగుదలను శ్రద్ధగా కొలిచెను.

ఈ మార్పు ఉపేక్షింపదగినంత స్వల్పమైనది కాదు. రాగితీగ నిరోధము ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి నూటికి ఇంచుమించు 0.39 వంతున పెరుగును. పుష్యమాసపు వేకువజామున ఇరువది డిగ్రీల చలిలో సరిగా నూఱు ఓములుగా నున్న రాగిచుట్టను రోహిణికార్తెలో నలువదియైదు డిగ్రీల యెండలో కొలిచినచో అది ఇంచుమించు నూటపది ఓములగును. పదికుంచముల ధాన్యము వేసవి వచ్చుసరికి పదునొకండు కుంచములైనట్లు లెక్క తేలినచో ఆ లెక్కను నమ్మువా రెవరు?

నిరోధనియమమును కనుగొన్న గియోర్గ్ సైమన్ ఓము మహాశయుడే మొదట ఈ నిలుకడలేమిచేత బాధపడెను. ఆయన తండ్రి ఎర్లాంగెను పట్టణమున తాళములుచేయు పనివాడు. స్వయముగా చదువుకొని తన కుమారులకు శాస్త్రములు నేర్పినవాడు. ఓము కొలోను నగరమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి తీఱిక సమయములందు ప్రయోగములు చేసెను. 1825 లో ఆయన వాడిన విద్యుద్ఘటము క్షణక్షణమును మాఱుచుండుటచే ఫలితములు సరిగా కుదురలేదు. అప్పుడు పొగెండార్ఫ్ అను పత్రికాసంపాదకుడు ఒక యుపాయము చెప్పెను. బిస్మతు, రాగి అను రెండు లోహముల అతుకులలో ఒకదానిని మరుగుచున్న నీటిలోను, మఱియొకదానిని కరగుచున్న మంచులోను ఉంచినచో, ఆ రెండింటి ఉష్ణోగ్రతలును మాఱవు గనుక వానినుండి పుట్టు విద్యుత్తును మాఱదు. ఓము 1826 లో ఈ మార్గము ననుసరించి తన నియమమును స్థాపించి 1827 లో గ్రంథరూపమున ప్రకటించెను. ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఉష్ణోగ్రతను ఎవ్వరు స్థిరపఱుపగలరో వారికే విద్యుత్తు సత్యము చెప్పునన్న సంగతి ఆ శాస్త్రము శైశవమందే తేటపడినది. స్వదేశమున చాలకాలము ఆదరము లేని ఆ ఉపాధ్యాయునకు 1841 లో లండనులోని రాయల్ సొసైటీవారు కాప్లీ పతకము నిచ్చి గౌరవించిరి.

అటుపిమ్మట తంతివార్తల యుగము వచ్చినది. తంతి తెగినను, దాని పైతొడుగు చెడినను, లోపము ఎన్నవ మైలున నున్నదో తెలియుటకు తీగ నిరోధమును కొలుచుటయే ఉపాయము. భూమిమీద నైనచో మనుష్యుని పంపి వెదకింపవచ్చును. సముద్రగర్భమున నెవ్వరు వెదకుదురు? 1858 లో అట్లాంటిక్ సముద్రమున వేసిన తంతి కొలది వారములలోనే మూగపోయెను. మన దేశమును ఐరోపాతో కలుపుటకై 1859, 1860 సంవత్సరములలో ఎఱ్ఱసముద్రమున వేసిన తంతియు అట్లే నిష్ఫలమయ్యెను. వెచ్చించిన ధనమంతయు సముద్రము పాలైన పిదపగాని, సరియైన కొలత లేనిదే ఈ వ్యాపారము సాగదని ప్రభువులకును వర్తకులకును తోపలేదు.

అప్పటికి నిరోధమునకు అందఱు అంగీకరించిన ప్రమాణము లేదు. ఒక్కొక్క దేశమువారు తమతమ తీగను ప్రమాణముగా పెట్టుకొనిరి. రష్యాలోనుండిన యాకోబీ పండితుడు 1848 లో ఒక రాగితీగను నమూనాగా చేసి ఇతర పండితులకు పంపెను. కాని రాగిలో కొంచెము మలినము చేరినను నిరోధము మాఱిపోవును. వేడికి మాఱుట సరేసరి. 1860 లో జర్మనీయుడగు వెర్నర్ సీమెన్స్ పాదరసమును ఎంచుకొనెను. పాదరసమును బట్టీపట్టి ఎచ్చటనైనను శుద్ధిచేయవచ్చును. ద్రవము గనుక వంచుట, సాగదీయుట అను దోషములంటవు. ఒక మీటరు పొడవును, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతయు గల పాదరసస్తంభము మంచు కరగు ఉష్ణోగ్రతయందు చూపు నిరోధమే ఆయన ప్రమాణము.

ఇంగ్లండులో విలియం థామ్సన్ ప్రేరణచే 1861 లో బ్రిటిషు అసోసియేషనువారు ఒక సంఘము నేర్పఱచిరి. అందు మాక్సువెల్, ఫ్లీమింగు జెంకిను, మాథీసెను మొదలగువారు పనిచేసిరి. లోహములను కలిపి మిశ్రమము చేసినచో వేడిచే కలుగు మార్పు మిక్కిలి తఱుగునని చూపినవాడు మాథీసెను. ఇందలి కారణము తెలిసికొనదగినది. మిశ్రమలోహమున పరజాతి అణువులు కలియుటచే విద్యుత్తునకు అడ్డు ముందే అధికముగా నుండును. ఆ యడ్డు వేడితో మాఱదు. వేడిచే కలుగు అడ్డు దానిపై స్వల్పముగా చేరును గనుక మొత్తములో మార్పు కొలదిగా కనబడును. రాగి పదిలక్షలకు 3,900 చొప్పున మాఱుచుండగా, రాగి, నికెలు, జింకు కలిసిన జర్మనువెండి సుమారు నాలుగు వందల చొప్పున మాత్రమే మాఱును. ఆ సంఘమువారు ప్లాటినము, వెండి కలిపిన మిశ్రమపు తీగతో తమ ప్రమాణపు చుట్టలను చేయించి, ఏ ఉష్ణోగ్రతయందు ఆ చుట్ట సరియైనదో ఆ అంకెను కూడ దానిపై చెక్కించిరి. ఈ చిన్న యంకెలో గొప్ప నీతి కలదని మా యభిప్రాయము. తాను ఎల్లప్పుడును సరియైనదానినని ఆ చుట్ట చెప్పుకొనలేదు. ఎప్పుడు సరియైనదో అంతమాత్రమే చెప్పెను.

అయినను ఆ ప్రమాణమునందు దోషము మిగిలియే యుండెను. 1879 లో మాక్సువెల్ మరణింపగా కేంబ్రిడ్జిలోని కావెండిషు ప్రయోగశాలకు రాలే ప్రభువు అధ్యక్షుడయ్యెను. ఆయన భార్యకు అక్కయగు ఎలినారు సిడ్జివిక్ ఆ ప్రయోగములందు ఆయనకు కుడిభుజమై నిలిచెను. 1881 మొదలు కొన్ని సంవత్సరములు సాగిన ఆ కృషిలో, పూర్వసంఘమువారి ప్రమాణము ఉండవలసినదానికంటె నూటికి ఇంచుమించు 1.3 వంతు తక్కువగా నున్నట్లు తేలినది. పాదరసపు నిరోధమును గుఱించి వారిరువురి పేరనే 1883 లో వ్యాసము ప్రచురింపబడెను. లోకమున కంతటికిని కుంచమును సరిదిద్దిన ఈ విదుషి చదువు చెప్పించిన యువతులకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము పట్టము లిచ్చెడిది కాదు. ఆమె గణితమునందు ప్రవీణురాలు; 1892 మొదలు 1910 వఱకు న్యూన్‌హాము స్త్రీకళాశాలకు ప్రధానాధికారిణిగా నుండి బాలికల విద్యకై పాటుపడెను. స్త్రీలకు పూర్ణమైన పట్టములొసగుటకు ఆ విశ్వవిద్యాలయము అంగీకరించినది 1948 లో. ఆమె గతించి అప్పటికి పండ్రెండు సంవత్సరములైనది. స్త్రీల బుద్ధి సూక్ష్మగణనమునకు చాలదని వాదించిన పెద్దమనుష్యులు తమ యింటి దీపపు విద్యుత్తును ఆమె సరిదిద్దిన ఓముతోనే కొలిపించుకొనుచుండిరి!

ఇక కథలోని ముఖ్యఘట్టమునకు వత్తము. ఎడ్వర్డు వెస్టను 1850 లో ఇంగ్లండున జనించి, తలిదండ్రుల కోరికపై వైద్యము నభ్యసించి, దానియందు మనసు నిలువక 1870 లో న్యూయార్కు చేరెను. అచ్చట లోహములకు పూతవేయు పనిలో ప్రవేశించి, ఆ రసాయనజ్ఞానముతో విద్యుద్యంత్రములను నిర్మించి, నూవార్కు నగరమున సొంత ప్రయోగశాలను నెలకొల్పుకొనెను. విద్యుత్తును కొలుచు పనిముట్లు చేయబూనినప్పుడు ఆయనకు ఎదురైన శత్రువు వేడియే. పనిముట్టు లోపలి తీగ వేడెక్కగానే సూది తప్పుత్రోవ చూపుచుండెను. లోహముల నిరోధము వేడితో పెరిగితీరుననుట ఆనాటి పండితులకు వేదవాక్యము. వెస్టను ఆ వాక్యమును ఒప్పుకొనక రాగి, నికెలు, మాంగనీసు మొదలగువానిని పలుపాళ్లలో కరగించి కలిపి పరీక్షించుచు పోయెను. తుదకు వేడికి దాదాపు చలింపని మిశ్రమములు రెండు చిక్కినవి. 1888 లో ఆయన పేటెంటులు పొందెను. వానిలో రాగి, నికెలు కలిసినది తరువాత కాన్‌స్టాంటన్ అనియు, రాగి, మాంగనీసు, నికెలు కలిసినది మాంగనిన్ అనియు పేరుపొందినవి.

మాంగనిన్‌లో నూటికి ఎనుబదినాలుగు పాళ్లు రాగి, పండ్రెండు పాళ్లు మాంగనీసు, నాలుగు పాళ్లు నికెలు ఉండును. దీని స్వభావము విచిత్రమైనది. చలినుండి వేడిచేయుచు పోయినచో నిరోధము మొదట కొంచెము పెరిగి, ఇరువదియైదు డిగ్రీల ప్రాంతమున శిఖరమునకు చేరి, ఆపై తిరిగి తఱుగును. గుఱ్ఱపు నాడాను బోర్లించినట్టి ఆ గీతకు శిఖరమున ఎక్కుడును లేదు, దిగుడును లేదు. మనుష్యులు సుఖముగా కూర్చుండి పనిచేయు గదియొక్క ఉష్ణోగ్రతయు ఇంచుమించు అదియే యగుట అదృష్టము. అచ్చటచ్చట ఒక డిగ్రీ మాఱినను నిరోధము పదిలక్షలకు పది పాళ్లు కూడ మాఱదు.

కాన్‌స్టాంటన్ కూడ వేడికి చలింపనిదే కదా, దానినే యేల ప్రమాణములకు వాడలేదని చదువరులు ప్రశ్నింపవచ్చును. రెండు వేఱులోహములు కలిసిన అతుకు వేడెక్కిన విద్యుత్తు పుట్టునని ఓము కథలో చూచితిమి గదా! కాన్‌స్టాంటన్ రాగితో కలిసినచోట డిగ్రీకి సుమారు నలువది మైక్రోవోల్టులు పుట్టును. మాంగనిన్‌కు రెండుమూడు మాత్రమే. తీగ మంచిదైనను దాని చుట్టఱికము చెడ్డదైనచో పని చెడునని దీనివలన తెలియుచున్నది.

మాంగనిన్‌ను శాస్త్రీయముగా పెంచి పెద్దచేసినవారు బెర్లినులోని జర్మను రాజకీయ ప్రమాణసంస్థవారు. 1887 లో స్థాపింపబడిన ఆ సంస్థకు మొదటి అధ్యక్షుడు హెల్మ్‌హోల్ట్జ్. అచ్చట ఫాయిస్నర్, లిండెక్ అనువారు ఈ తీగను చుట్టి, లక్కపూసి, నూటనలువది డిగ్రీల వేడిలో పెక్కుగంటలు కాచి, నెలల తరబడి పరీక్షించిరి. చుట్టునప్పుడు తీగలో ఏర్పడిన బిగువు సడలని యెడల నిరోధము ఏండ్లకొలది మెల్లమెల్లగా జాఱుచుండును. ముందే కాచినచో ఆ బిగువు సడలి తీగ కుదుటపడును. క్రొత్త బియ్యముకంటె పాతబియ్యము మేలన్నట్లు, కాచి కొంతకాలము నిలువచేసిన తీగయే నమ్మదగినదైనది.

వేడిమిని జయించితిమని అందఱును సంతోషించుచుండగా మఱియొక శత్రువు బయటపడెను. 1901 లో అమెరికాలో ప్రమాణసంస్థ ఏర్పడెను. అందు ఎడ్వర్డు రోజా అను పండితుడు వాషింగ్టనులోని మంచి మాంగనిన్ చుట్టలు వేసవిలో ఒక విలువను, శీతకాలమున ఒక విలువను చూపుటను గమనించెను. ఉష్ణోగ్రతను సవరించినను ఆ భేదము పోలేదు. 1907 లో రోజా, బాబ్‌కాక్ అనువారు దీని కారణమును ప్రకటించిరి. తీగపై పూసిన లక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బి తీగను సాగదీయుచున్నది. గాలి యెండినప్పుడు లక్క ముడుచుకొనుచున్నది. నేరము తీగది కాదు. దానిని కాపాడుటకు వేసిన కవచముది. అప్పుడు రోజా చుట్టలను నూనెతో నింపిన పాత్రలలో నుంచి గాలిచొరకుండ మాటువేయించెను. తరువాత 1930 లో ఆ సంస్థయందే థామస్ అనునాతడు లక్కను పూర్తిగా విడిచి, పూతలేని తీగను గాలిలేనిచోట సుమారు 550 డిగ్రీలవఱకు కాచి, రెండుపొరల పాత్రలో భద్రపఱచు పద్ధతిని కనిపెట్టెను. ఆ రీతిని చేసిన ఒక ఓము చుట్టలు దశాబ్దములకొలది పెక్కుదేశముల ప్రమాణములను మోసినవి.

ఇచ్చట కొంచె మాగి ఈ కథయొక్క రెండవ ముఖమును చూడవలెను. వేడికి మాఱుట దోషమని ఒకరు వగచుచుండగా, అదియే గుణమని వేఱొకరు గ్రహించిరి. 1860 ప్రాంతమున ఓడకెక్కించుటకు చుట్టలుగా పేర్చిన సముద్రతంతి లోలోపల వేడెక్కుచున్నదని, వెర్నరు సోదరుడగు విలియం సీమెన్స్ రాగితీగ నిరోధమును కొలిచి కనిపెట్టెను. మాఱుట ఎంతయో తెలిసినచో మాఱు వస్తువే ఉష్ణమాపకమగును. 1887 లో కాలెండరు అను నాంగ్లేయుడు శుద్ధప్లాటినపు తీగతో ఈ యూహను మిక్కిలి సూక్ష్మమైన ఉష్ణమాపకముగా రూపొందించెను; నేటికిని ప్రయోగశాలలలో ఉత్తమమైన ఉష్ణమాపకములు ఆ జాతివే. కావున మార్పు స్వయముగా చెడ్డది కాదు. తెలియని మార్పు శత్రువు. తెలిసిన మార్పు సేవకుడు.

ఇరువదవ శతాబ్దపు నడుమ నికెలు, క్రోమియములతో అల్యూమినియము, రాగి చేర్చిన ఎవనోము వంటి మిశ్రమములు వచ్చి మాంగనిన్‌ను మించినవి. 1962 ప్రాంతమున ఫీలిక్సు జాండ్‌మన్ అను నాతడు మఱియొక చమత్కారము చేసెను. అతడు గ్రోడ్నో పట్టణమున యూదుల యింట జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున నాజీలు తనవారిని చంపగా, ఒక క్రైస్తవకుటుంబము దయచే వారి యింటి నేలక్రింది గోతిలో పదునేడు నెలలు దాగియుండెను. ఆ చీకటిలోనే అతని మేనమామ అతనికి నోటిమాటగా గణితము బోధించెను. ఆ విద్యయే పెరిగి పెద్దదై అతనిని శాస్త్రజ్ఞుని చేసెను. అతడు కనిపెట్టిన నిరోధమున పలుచని లోహపు రేకును పింగాణిపలకకు అతికింతురు. వేడెక్కినప్పుడు రేకు నిరోధము పెరుగజూచును. కాని పలకకంటె రేకు ఎక్కువ వ్యాకోచింపబోయి, అతుకుచే అణచబడి, ఆ యొత్తిడివలన దాని నిరోధము తఱుగును. ఒకదాని పెరుగుదలను మఱియొకదాని తఱుగుదల కొట్టివేయును. లిథువేనియాలో తన బంధువులు నశించిన గ్రామము పేరునే అతడు తన సంస్థకు పెట్టి, విషే యని పిలిచెను.

తుదకు 1980 ఫిబ్రవరిలో క్లౌసు ఫాన్ క్లిట్జింగు అను జర్మనుడు, ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున ప్రయోగము చేయుచు, అతిశీతలమందు బలమైన అయస్కాంతక్షేత్రమున నుంచిన సిలికాను పొరలో, తీగతోడను దాని పొడవుతోడను పనిలేని నిరోధమొకటి కలదని కనుగొనెను. ఆ విలువ 25,812.807 ఓములు, ప్రకృతి స్థిరాంకములనుండియే అది పుట్టుచున్నది. అందులకై ఆయన 1985 లో నోబెలు బహుమానము నందెను. 2019 మే 20వ తేదీనుండి అంతర్జాతీయ ప్రమాణములన్నియు అట్టి స్థిరాంకములపైనే నిలుపబడినవి. అయినను ఆ ప్రయోగమునకు ద్రవహీలియపు శీతలమును, మహాయస్కాంతములును కావలెను. ప్రమాణసంస్థలనుండి ప్రయోగశాలలకును, కర్మాగారములకును ఆ విలువను చేరవేయునవి నేటికిని తీగచుట్టలును, లోహపురేకులునే. గంగ ఎచ్చట పుట్టినను ఇంటికి తెచ్చునది బిందెయే గదా!

ఈ బిందెలను పరీక్షించుట నేడు గొప్ప సంస్థల సొత్తు మాత్రమే కాదు. అభిరుచితో, ఏ లాభమును కోరక, తమ యింటి మేజాబల్లపై మంచి నిరోధముల ఉష్ణస్వభావమును కొలుచువారు పలుదేశములలో కలరు. ఆ పని యెట్టిదో కొంచెము వివరింతుము. పరీక్షింపవలసిన నిరోధమును చిన్న లోహపు డబ్బీలో ఉంచి, దానిని అంటునట్లు ఉష్ణమాపకమును చేర్చి, చుట్టును వేడి పోనీయని పొరను కట్టుదురు. పోల్చుటకు మఱియొక మంచి నిరోధమును నూనెలో ముంచి థర్మాసు కూజాలో కదలక ఉంచుదురు. రెండింటి నిష్పత్తిని చూచుచు, మొదటిదానిని గంటకు కొలది డిగ్రీల చొప్పున మెల్లగా వేడిచేసి, మరల మెల్లగా చల్లార్చుదురు. పదివేల ఓముల నిరోధము డిగ్రీకి పదిలక్షలకు ఐదు పాళ్లు మాఱినచో, ఇరువది డిగ్రీలకు కలుగు భేదము ఒక్క ఓము మాత్రమే. ఆ యొక్క ఓమును తప్పులేకుండ చూచుటయే అందలి తపస్సు.

ఈ తపస్సునకు విఘ్నములు పెక్కు. కలుపు తీగల నిరోధము లెక్కలో చేరిపోవును. అందుకై విద్యుత్తును పంపుటకు రెండు తీగలు, కొలుచుటకు వేఱు రెండు తీగలు వాడవలెను. అతుకులవద్ద వేడివలన అనవసరపు విద్యుత్తు పుట్టును. ప్రవాహదిశను త్రిప్పి రెండుమార్లు కొలిచి సగటు తీసినచో అది కొట్టుకొనిపోవును. కొలుచుటకు పంపిన విద్యుత్తే నిరోధమును వేడిచేయును. ఎక్కువ ప్రవాహముతో ఒకసారి, తక్కువ ప్రవాహముతో ఒకసారి కొలిచి, భేదము కలిగినచో పరీక్షకుని చేయి తగిలి పరీక్ష్యవస్తువు మాఱినదని గ్రహింపవలెను. ఎక్కునప్పటి గీతయు దిగునప్పటి గీతయు కలియనిచో ఇంకను మెల్లగా వేడిచేయవలెను. ఎడము తగ్గినచో ఉష్ణమాపకము వెనుకబడినదని అర్థము. తగ్గనిచో నిరోధమే తాను పడిన వేడిని జ్ఞాపకముంచుకొన్నదని అర్థము.

వీనియన్నిటికంటె సూక్ష్మమైన మోసమొకటి కలదు. పదునైదు డిగ్రీలవద్ద ఒకమారు, ముప్పదియైదు డిగ్రీలవద్ద ఒకమారు కొలిచి, రెండును సమానముగా నున్నవి గనుక ఈ నిరోధము వేడికి చలింపదని తీర్పుచెప్పువారు కలరు. కాని ఇరువదియైదు డిగ్రీలవద్ద శిఖరముగల మాంగనిన్ తీగకు రెండు చివరలును సమానముగనే యుండి నడుమ పదిలక్షలకు సుమారు ఏబది పాళ్లు ఎత్తుగా నుండును. రెండు చివరలు మాత్రము చూచి నడుమనున్నదానిని నిశ్చయింపరాదు. మనుష్యులను గుఱించియు, ఆచారములను గుఱించియు రెండు ఉదాహరణములతో తీర్పులు చెప్పువారికి ఈ తీగ నేర్పు పాఠము తక్కువది కాదు.

ఇంత శ్రమపడి నిరోధములోని పదిలక్షవ పాలును కొలిచినందున కూడును గుడ్డయు వచ్చునా యని కొందఱడుగవచ్చును. విద్యుత్తునకు మనము చెల్లించు రూకలు, ఆసుపత్రులలో రోగి దేహోష్ణమును నాడిని చూపు యంత్రములు, మందులు తూచు సున్నితపు త్రాసులు, ఇవన్నియు ఎక్కడనో ఒక నిరోధము నిలుకడగా నుండునను నమ్మకముపై నడుచుచున్నవి. ఆ నమ్మకము మంత్రమువలన వచ్చినది కాదు. తన కుంచమును తానే శంకించి పరీక్షించినవారి వలన వచ్చినది. రాగిని శంకించుటచే మిశ్రమము దొరకినది. మిశ్రమపు బిగువును శంకించుటచే కాచుట తెలిసినది. కాపాడు లక్కను శంకించుటచే మాటువేసిన పాత్ర వచ్చినది. మా పూర్వులు చుట్టిన చుట్టలో దోషమెట్లుండునని రోజా పండితుడు కోపగించుకొని యున్నచో వాషింగ్టను వేసవితోపాటు ప్రమాణమును ఉబ్బుచునే యుండెడిది.

ఈ పని మన యిండ్లలోని బాలబాలికలకు సాధ్యమైనదే. గొప్ప యంత్రములు లేకున్నను, ఒక చుట్ట రాగితీగ, ఒక సామాన్యపు విద్యున్మాపకము, ఒక ఉష్ణమాపకము, ఒక గిన్నెడు మంచునీరు, ఒక గిన్నెడు వేడినీరు ఉన్నచో చాలును. పలుచని పూతగల తీగను పొడవుగా చుట్టి, నీరు చొరకుండ సంచిలో కట్టి, ఒక్కొక్క ఉష్ణోగ్రతయందు నిలిపి నిరోధమును వ్రాసికొని గీతగీసినచో, లెంజ్ పండితుడు చూచిన సత్యమును తమ కన్నులతో తామే చూడగలరు. ఆడపిల్ల వంటింటి గిన్నెతో ఆ గీతను గీసినను ఆ సత్యము తఱుగదు. పుస్తకమున చదివిన అంకెకంటె, తేదీ వేసి, ఉష్ణోగ్రత వ్రాసి, తన చేతితో కొలిచిన అంకెకు విలువ హెచ్చు. పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము వల్లెవేయు విద్యగా మాఱియున్న చోట్ల ఈ చిన్న ప్రయోగమే ఒక సంస్కరణము కాగలదని మేము తలంతుము.

పూర్తిగా చలింపని తీగ ఈ సృష్టిలో నేటివఱకు దొరకలేదు. దొరకినది తన చలనమును దాచని తీగ. బ్రిటిషు సంఘమువారి చుట్టపై చెక్కిన ఆ చిన్న ఉష్ణోగ్రతాంకెవలెనే, మన యభిప్రాయములపై కూడ అవి ఏ పరిస్థితులలో పరీక్షింపబడినవో వ్రాసియుంచుకొనినచో, పరిస్థితులు మాఱినప్పుడు వానిని సవరించుకొనుటకు మనకు సిగ్గుండదు, భయముండదు.